నాలుగున్నర అడుగుల మిషను

మా బావ నిచ్చెన మీది నుంచి పడింది ధర్మవరంలో, ఒక పట్టుచీరల అంగడి ముందు. అంగడి పేరులో చివరి అక్షరానికి నీడ వేస్తున్నాడు. నేను కింద కూర్చుని రంగు కలుపుతున్నాను. నిచ్చెన కాలొకటి మురుగుకాలువ మీద పరిచిన బండ అంచున ఉంది. ఆ బండ కదిలింది. బావ అరవను కూడా అరవలేదు. రంగు డబ్బా ముందు పడింది, వెనకే ఆయన పడ్డాడు. ఎర్ర రంగు చూసి అదంతా రక్తమే అనుకుని జనం పరుగెత్తుకొచ్చారు. నిజానికి రక్తం చుక్క కూడా రాలేదు. విరిగింది లోపల, తుంటి ఎముక.

బావ అంటే మా అక్క భర్త. పెనుకొండ మనిషి, కాపురమూ అక్కడే. నాకు ఈ బోర్డులు రాసే పని నేర్పింది ఆయనే. పదో తరగతి తప్పి, వేరుశనగ చేలో కలుపు తీసుకుంటూ తిరుగుతున్న నన్ను తొంభైల మొదట్లో హిందూపురం తీసుకొచ్చాడు. బస్టాండు వెనక సందులో ఉన్న తన అంగట్లో కూర్చోబెట్టి చేతికి కుంచె ఇచ్చాడు. మొదటి ఏడాదంతా గీతలే. సుద్ద పూసిన దారాన్ని రేకు మీద ఇద్దరం చెరో పక్క బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే తెల్లటి గీత పడేది. అలాంటి రెండు గీతల మధ్య అక్షరం కూర్చోవాలి.

"తలకట్టు అంటే టోపీ కాదబ్బా, నెత్తిన పెట్టేసి పోయేకి. అది జుట్టు. ఆ అచ్చరానికి పుట్టినట్టే ఉండల్ల" అనేవాడు.

చింతపండు మండీలు, బెల్లం అంగళ్లు, బట్టల కొట్లు, బస్సుల నుదుట ఊర్ల పేర్లు, పల్లెల్లో చర్చి గోడల మీద వాక్యాలు, ఎలక్షన్లు వస్తే ఖాళీగా కనిపించిన ప్రతి గోడా మా పనే. హిందూపురం కాబట్టి సగం బోర్డుల మీద తెలుగు కింద కన్నడ కూడా ఉండాలి. బావ రెండూ రాసేవాడు. ఆయన రాసిన తెలుగు అక్షరాల పొట్టలు కొంచెం నిండుగా, కొమ్ములు కొంచెం పొడుగ్గా ఉండేవి. మడకశిర బస్సులో పోతూ దారి పక్క గోడ చూసి ఇది ఫలానా ఆయన చెయ్యి అని చెప్పేవాళ్లుండేవారు. బావకు అది తెలుసు. తెలిసినట్టు కనపడేవాడు కాదు.

బెంగళూరు ఆస్పత్రిలో తుంటికి కమ్మీ వేశారు. లేచి తిరిగేసరికి ఎడమ కాలు కురచయింది. ఇంక నిచ్చెన ఎక్కే మాట మర్చిపొమ్మని డాక్టరు చెప్పాడు. బావ తల ఊపాడు. బయటికొచ్చాక అక్క గోడకానుకుని ఏడ్చింది గానీ ఆయన కర్ర ఏ చేత్తో పట్టుకోవాలా అని చూసుకుంటూ నిలబడ్డాడు.

అప్పటి నుంచి నేను పైన, ఆయన కింద. "కొమ్ము ఇంగ కొంచెం లేపబ్బా", "ఆ సున్న చప్పిడైపోయింది చూడు" అని కింద నుంచి చెప్పేవాడు. నేను వినేవాణ్ని, దిద్దేవాణ్ని. కానీ నా చెయ్యి ఆయన చెయ్యి కాదు. చిన్న అక్షరాలు ఫరవాలేదు, మనిషెత్తు అక్షరం వేసేటప్పుడు తేడా నాకే తెలిసిపోయేది. కొన్నాళ్లకు ఆయన చెప్పడం తగ్గించాడు. మరి కొన్నాళ్లకు నేను నిచ్చెన ఎక్కగానే ఎదురుగా ఉన్న టీ అంగట్లోకి పోయి, గోడకు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు.

రెండు వేల సంవత్సరం దాటాక హిందూపురానికి ముందు రేడియం స్టిక్కర్లు వచ్చాయి, తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. ఒక నాయకుడి పుట్టినరోజుకి సర్కిల్లో కట్టిన మొదటి ఫ్లెక్సీ కింద జనం నిలబడి చూశారు. ఫొటోలో ఆయన మెడ మీది పుట్టుమచ్చ కూడా కనిపిస్తోంది. బావ కర్ర మీద ఆనుకుని చాలాసేపు చూశాడు. అంగడికి తిరిగొస్తూ దారిలో అన్నాడు:

"మనం కూడా మిసను తీసుకుందామబ్బా."

"నీకెందుకు బావా మిసను?" అన్నాను.

"కూర్చోని చేసే పని అంట కదా."



ఏ మిషను తీసుకోవాలన్నది మాకెవరికీ తెలియదు. ముందు ధర్మవరం పోయాం. అక్కడ రైల్వేస్టేషన్ దారిలో ఒకాయన ఫ్లెక్సీ మిషను పెట్టి ఆర్నెల్లయింది. అంతకుముందు చీరల వ్యాపారం చేసినాయన, మర్యాదగా లోపలికి పిలిచాడు. మిషను గది ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉంది, పది అడుగుల వెడల్పు. ఇంకు వాసనకు కళ్లు మండాయి. లోపల ఒక పెట్టె ఇటూ అటూ పరుగెడుతుంటే, కింద నుంచి ఒక పెళ్లికూతురు మొహం గోరంత గోరంత బయటికొస్తోంది.

"దీంట్లో అచ్చరం రాసే పనే లేదన్నా. కంప్యూటర్లో కొడితే అదే వస్తాది" అన్నాడాయన.

"కూర్చోని చేసే పని ఏముండాదప్పా మళ్ల?" అని అడిగాడు బావ.

"కంప్యూటర్ ముందర కూర్చోవల్ల. నీకు వస్తాదా?"

బావ నవ్వాడు. ఆ పెళ్లికూతురి మొహం పూర్తిగా వచ్చేదాకా అక్కడే ఉండి, అప్పుడు బయటికొచ్చాడు.

ఆ తర్వాత హిందూపురంలోనే ఒక రేడియం అంగడికి పోయాం. అక్కడున్నది కట్టర్ మాత్రమే, రెండడుగుల వెడల్పు. రంగు కాగితంలాంటి స్టిక్కరు మీద చిన్న కత్తి తిరిగి అక్షరం ఆకారం కోస్తుంది. కోశాక చుట్టూ ఉన్న వృథా ముక్కనంతా సూదితో లేపి పీకేస్తే అక్షరం ఒక్కటే మిగులుతుంది. ఆ పీకే పని కూర్చుని చేసేదే. బావ సూది తీసుకుని ఒక 'శ్రీ'ని పీకి చూశాడు. లోపలి సన్న ముక్కలు కూడా చిరగకుండా వచ్చాయి. అంగడాయన మెచ్చుకున్నాడు. బావ మాత్రం ఆ 'శ్రీ' వైపు అదోలా చూశాడు.

"పని బాగుండాది. అచ్చరమే అన్నం లేనట్టుండాది" అన్నాడు బయటికొచ్చాక.

పెద్ద ప్రింటరైతే ఆయన చేతికి పని లేదు. ఒట్టి కట్టరైతే ఆయన అక్షరానికి చోటు లేదు. రెండూ చేసే మిషను ఒకటుందని ఎవరో చెబితే బెంగళూరు బస్సెక్కాం.

బెంగళూరులో మిషన్లు అమ్మే అంగడి అద్దాల తలుపులతో చల్లగా ఉంది. మాకు చూపించినాయన కోలారు పక్కాయన, తెలుగు బాగానే మాట్లాడాడు. రెండు పనులూ చేసే మిషను చూపించాడు. నాలుగున్నర అడుగుల వెడల్పు. బొమ్మ అచ్చు వేస్తుంది, వెంటనే అదే కత్తి దింపి దాని అంచుల వెంబడే కోస్తుంది. కొత్తదాని ధర వినగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వాడినది ఒకటి ఉందని ఆయనే అన్నాడు.

అది చూపించేముందు ఒక మాట కూడా చెప్పాడు. "మీ ఊర్లో జనం ఏమడుగుతారు సార్? బ్యానర్లయితే పది అడుగుల మిషను కావాలి. స్టిక్కర్లయితే చిన్న కట్టర్ చాలు. ఇది మధ్య రకం. కంపెనీ పనులున్న ఊర్లో బాగుంటుంది. రోజూ నడపాలి. నడపకపోతే హెడ్డులో ఇంకు ఎండిపోతుంది."

మంచి మనిషి. అమ్ముకునేవాడు అంతకంటే ఏం చెబుతాడు? మేం విన్నాం. విని తల కూడా ఊపాం.

అప్పుడు బావ అడిగాడు, తెలుగులో ఏదైనా కోసి చూపించమని. వాళ్ల కంప్యూటర్లో ఇంగ్లీషు ఉంది, కన్నడ ఉంది, తెలుగు లేదు. ఆయన నొచ్చుకున్నాడు. బావ జేబులోంచి పెన్ను తీసి, వాళ్లిచ్చిన రంగుల కాగితం వెనక వైపు 'పెనుకొండ' అని రాశాడు. నిదానంగా, బోర్డు మీద రాసినట్టే, గీతలు లావు చేస్తూ.

"దీన్ని కోస్తాదా?"

"ఎందుకు కోయదు?" అని ఆయన ఆ కాగితాన్ని స్కానర్లో పెట్టాడు. కంప్యూటర్లో ఏవేవో నొక్కాడు. మిషను కదిలింది. ఎర్ర రంగులో, నల్ల నీడతో, జానెడు ఎత్తున 'పెనుకొండ' వచ్చింది. తర్వాత కత్తి దిగి 'పె' చుట్టూ, 'ను' చుట్టూ తిరిగింది. బావే వంగి సూదితో అంచు లేపి పీకాడు. ఆయన అక్షరాలే. నిండు పొట్టలు, పొడుగు కొమ్ములు.

"నా చెయ్యే కదబ్బా ఇది" అన్నాడు.

ఇంక మేం ఇంకో మిషను చూడలేదు.

తిరుగు బస్సులో గౌరీబిదనూరు దాటేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. పడ్డాక అన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు. "అన్ని అచ్చరాలూ రాసి పెట్టేస్తానబ్బా. అచ్చులు, హల్లులు, వొత్తులు, అన్నీ. ఒకతూరి లోపలికి పోతే చాలు. నువ్వు కంప్యూటర్ చూసుకో, నేను పీకేది చూసుకుంటా. నిచ్చెనతో పనే లేదు."

మిషను కొనే దుడ్ల కోసం మా నాయన పంచి ఇచ్చిన మెట్టచేను అమ్మాం, నా భాగమూ అక్క భాగమూ కలిపి. సంతకం పెట్టేటప్పుడు అక్క, "ఆ చేన్లో పండేది రాళ్లే కదా, పోనీలే" అంది.

మిషను వచ్చిన రోజు అది అంగడి తలుపులో పట్టలేదు. తలుపు చట్రం ఊడదీసి, పక్క గోడ కొంత పగలగొట్టి లోపలికి దించాం. దుమ్ము పడకూడదని పరదా కట్టాం, చల్లగా ఉండాలని ఏసీ పెట్టాం, చెప్పులు బయటే విడవమని రాశాం. నేను పొద్దున పూట కంప్యూటర్ క్లాసుకి పోయాను. బావ అక్షరాలు రాయడానికి కూర్చున్నాడు. పెద్ద డ్రాయింగు కాగితాల మీద ఒక్కో అక్షరం, దానికి ఒక్కో గుణింతం. 'క్ష' ఒక్కటే ఎన్నిసార్లు చింపి రాశాడో. ఆయన రాసింది రాసినట్టు నేను స్కాన్ చేసి దాచేవాణ్ని. పెనుకొండలో ఇంట్లో కూడా అదే పని చేస్తున్నాడని, అన్నం తింటూ కంచం అంచున వేలితో గీస్తున్నాడని అక్క చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె మొహం తేటగా ఉంది.

మొదటి బోర్డు ఒక సెల్‌ఫోన్ అంగడిది. నీలం మీద పసుపు అక్షరాలు. బావ రోజంతా కూర్చుని పీకాడు. నేను షీటు మీద అతికించాను. చూసినకొద్దీ చూడాలనిపించింది నాకు. అంగడాయన వచ్చి ఒకటే నిమిషం చూశాడు.

"ఏమన్నా ఇది, చేత్తో రాసినట్టుండాది?"

"చేత్తో రాసిందే అప్పా. మా బావ రాసినాడు. మిసను కోసింది" అన్నాను.

"నాకు కంప్యూటర్ అచ్చరాలు కావల్ల కదన్నా. చేత్తో రాసేదానికైతే నీ దాకా ఎందుకొస్తా? ఎదురంగడి బోర్డు చూసినావా, అట్లుండల్ల."

బావ పక్కనే ముక్కాలి పీట మీద ఉన్నాడు. "మార్చియ్యబ్బా. ఆయప్ప అంగడి, ఆయప్ప ఇష్టం" అన్నాడు. గొంతులో కోపమేమీ లేదు.

మార్చి ఇచ్చాను. తర్వాత హోటలాయన అదే అన్నాడు. మెడికల్ షాపాయన అదే అన్నాడు. ఒక టీచరు మాత్రం తన ఇంటి గేటుకు బావ అక్షరాలే కావాలని చేయించుకున్నాడు, అదొక్కటే. కంప్యూటర్ తెలుగు అక్షరాల కోసం వేరే ప్రోగ్రాం కొనుక్కొచ్చి వేశాను. బావ రాసిన కాగితాలు చుట్టలు చుట్టి అటక మీద పెట్టాం. ఆయన వాటి సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎవరి అక్షరాలైతేనేం, వాటి చుట్టూ ఉన్న వృథా ముక్కలు పీకుతూ కూర్చున్నాడు.

జనం అడిగింది ఫ్లెక్సీ. పది అడుగులు, పన్నెండు అడుగులు. మా మిషను నాలుగున్నర. రెండు మూడు ముక్కలు వేసి అతికిస్తామని చెప్పి ఒక నాయకుడి ఫ్లెక్సీ ఒప్పుకున్నాం. అతుకు సరిగ్గా ఆయన ముక్కు మీద పడింది. ఎండకు జిగురు కరిగి, మధ్యాహ్నానికల్లా ముక్కు సగం కిందికి జారింది. ఆయన మనుషులు మోటార్ సైకిళ్ల మీద వచ్చారు. "మా అన్నకి రెండు ముక్కులు పెట్టినారేమప్పా మీరు?" అని కేకలేశారు. సందులో వాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వు వచ్చేదే, బావ లేచి కర్ర పట్టుకుని వాళ్లకు దండం పెట్టకుండా ఉండి ఉంటే.

మా ప్రింటు ఐదేళ్లుంటుందని చెప్పేవాణ్ని. "మూడు దినాలుంటే చాలన్నా, పెండ్లైపోతాది కదా" అనేవాళ్లు. వాళ్లదీ న్యాయమే. అదే సమయంలో హిందూపురంలోనే రెండు పెద్ద మిషన్లు వచ్చాయి. వాళ్లు ఒకరికొకరు పోటీ పడి రేటు తగ్గించుకుంటూ పోయారు. మేం ఆ పోటీలో కూడా లేము.

ఎండాకాలం వచ్చేసరికి కరెంటు పోవడం మొదలైంది. ప్రింటు సగంలో ఉండగా పోయేది. వచ్చాక మిషనుకు తాను ఎక్కడ ఆపిందో తెలిసేది కాదు. అచ్చయిన బొమ్మ ఒకచోట, కత్తి కోసింది ఒకచోట. ఆవుల బొమ్మ అడిగిన పాల డెయిరీకి కొమ్ములు తెగిపోయిన ఆవులు వచ్చాయి. సగం రోజులు పనే ఉండేది కాదు. అయినా హెడ్డు ఎండకుండా రోజూ ఖాళీగా ఒక రంగుల పట్టీ వేసి పారేసేవాళ్లం.

ఆ ఏడు వానలు పడే ముందు బావ తుంటిలో చీము పట్టింది. జ్వరంతో వణికిపోతుంటే అంగడి మూసి బెంగళూరు తీసుకుపోయాం. కమ్మీ తీసేశారు. రోజూ ఎవరో ఒకరం ఆయన దగ్గర ఉండాలి, అక్క ఒక్కతే ఏం చేస్తుంది? మంచం మీద నుంచి బావ నన్నడిగాడు:

"మిసను ఆడిస్తాండారా ఎవరన్నా?"

"ఆడిస్తాండారులే బావా" అన్నాను. ఎవరూ లేరని ఆయనకూ తెలుసు.

తిరిగొచ్చి అంగడి తెరిచి మిషను వేస్తే తెల్ల కాగితం తెల్లగానే బయటికొచ్చింది. బెంగళూరు నుంచి మెకానిక్కు వచ్చి హెడ్డు విప్పి, మందు నీళ్లలో నానబెట్టి, మళ్లీ బిగించి చూశాడు. ఒక్క పసుపు మాత్రం సన్నగా రెండు గీతలు వచ్చింది.

"హెడ్డు పోయింది సార్. కొత్తది పెట్టే డబ్బుకి ఇట్లాంటి మిషనే ఇంకొకటి వస్తుంది" అన్నాడు. టీ తాగి, సామాను సర్దుకుని బస్సుకు పోయాడు.

కత్తి ఇంకా పనిచేసేది. కాబట్టి అంత పెద్ద మిషనును ఒట్టి కట్టరుగా వాడాం. ఆటోల వెనక పేర్లు, మోటార్ సైకిళ్ల నంబర్లు. ఇప్పుడు బావ అరగంట కంటే ఎక్కువ కూర్చోలేడు. కమ్మీ తీసేశాక కూర్చున్నా నొప్పే, నిలబడ్డా నొప్పే. కూర్చుని చేసే పని అనే కదా ఇదంతా మొదలుపెట్టింది. ఒకరోజు మధ్యాహ్నం ఒక ఆటో డ్రైవరు వాళ్లమ్మ పేరు పీకుతూ పీకుతూ సూది కింద పెట్టేశాడు.

"రేపట్నుంచి రానబ్బా" అన్నాడు.

"నొప్పి తగ్గినాక రా బావా."

"నొప్పికి కాదు" అని, కర్ర అందుకుని, సందు చివరిదాకా తానే నడిచి పెనుకొండ బస్సెక్కాడు. నేను వెంట పోబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

నేను ఇంకో ఏడాది లాగాను. తర్వాత మిషను పాత ఇనుము వాళ్లు తీసుకుపోయారు. తీసుకుపోవడానికి గోడ పగలగొట్టాల్సిన పని లేకపోయింది. వాళ్లు దాన్ని లోపలే ముక్కలు చేశారు. అంగడి ఖాళీ చేసి నేను ధర్మవరంలో ఆ ఫ్లెక్సీ ఆయన దగ్గరే పనికి చేరాను. పొద్దున పాసింజరు రైల్లో పోవడం, అచ్చయిన ఫ్లెక్సీలకు చట్రాలు కొట్టడం, కరెంటు స్తంభాలకు కట్టిరావడం, సాయంత్రం రైల్లో తిరిగి రావడం. నాకు మళ్లీ నిచ్చెనే వచ్చింది.

తిరుగు రైల్లో అప్పుడప్పుడూ పెనుకొండలో దిగి వాళ్లను చూసి పోయేవాణ్ని. బావ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడు. నేను పోతే లేచి కూర్చుని, ఈరోజు ఏమేం వేశారని అడిగేవాడు. చెప్పేవాణ్ని. ఊ కొడుతూ వినేవాడు. మధ్యలో ఎప్పుడో మళ్లీ అటు తిరిగేవాడు. ఒకసారి మడకశిర దారిలో ఆయన రాసిన గోడొకటి ఇంకా ఉందని చెప్పాను. "సున్నం కొట్టేస్తారులే" అన్నాడు.

ఇల్లు గడవాలని అక్క వీధి గదిలో చిన్న అంగడి పెట్టుకుంది. సబ్బులు, బీడీలు, బొరుగుల పొట్లాలు. నేను పోయినప్పుడు అంది:

"అబ్బీ, బోర్డొకటి చేపిచ్చుకోని రా. ఫ్లెక్సీది."

నేను బావ వైపు చూశాను. "రేకు నేను తెస్తానక్కా. రంగు కూడా తెస్తా. బావ కూర్చోని కొంచెం కొంచెం రాస్తాడు."

అక్క ఏదో అనబోయింది. ఆమె కంటే ముందు బావే అన్నాడు. "వద్దులేబ్బా. ఫ్లెక్సీదే తీసుకోని రా. జనాలకి కనపడేది అదే."

ధర్మవరంలో ఎవరిదో పెద్ద ఫ్లెక్సీ వేస్తుంటే పక్కన ఖాళీగా పోయే అంచులో అక్క అంగడి పేరు వేయించాను. అందరి బోర్డుల మీదా ఉండే కంప్యూటర్ అక్షరాలే. చట్రం కొట్టి, రైల్లో తెచ్చి, తలుపు మీద మేకులు దిగ్గొట్టాను. అక్క లోపలికి పోయి బావకు చెయ్యి ఆసరా ఇచ్చి బయటికి తీసుకొచ్చింది. ఆయన వీధిలో నిలబడి తలెత్తి చూశాడు. ఏ కొమ్ము గురించో, ఏ సున్న గురించో ఏదో ఒకటి అంటాడని నేను మేకు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాను.

"తిన్నగానే ఉండాది. రైలుకి టైమవుతాది, నీళ్లు తాగి పోబ్బా" అన్నాడు.

రెండో ఎండాకాలానికి అక్షరాలు వెలిసిపోయాయి. ఇంకొకటి చేయించుకు రమ్మని అక్క అంది. చేయించాను.